రక్తం ఆగిన రెటీనాలో ఏ జన్యువు ఎప్పుడు మేలుకుంటుంది?

నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. ఉన్నట్టుండి ఒక కంటికి చూపు పోతుంది, అంతే. కంటి వెనకవైపు కాంతిని పట్టే పొర రెటీనా. దానికి రక్తం తెచ్చే కేంద్ర ధమనిలో చిన్న గడ్డ అడ్డుపడితే జరిగేది ఇదే. డాక్టరు పరికరంతో లోపలికి చూస్తే రెటీనా పాలిపోయి ఉంటుంది. సరిగ్గా నడిమధ్యన మాత్రం ఒక ఎర్రటి చుక్క కనిపిస్తుంది. ఆ చోట రెటీనా బాగా పల్చన కాబట్టి దాని వెనక ఉన్న కోరాయిడ్ పొరలోని రక్తం రంగు బయటికి తెలుస్తుంది. చుట్టూ ఉన్న భాగం రక్తం అందక ఉబ్బి తెల్లబారుతుంది.

ఇలా రక్తం ఆగితే రెటీనా ఎంతసేపు తట్టుకుంటుంది? పంజాబ్‌లో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పనిచేసిన కంటి వైద్యుడు సోహన్ సింగ్ హేరే ఈ ప్రశ్నకు రీసస్ కోతుల్లో జవాబు వెతికారు. కేంద్ర ధమనిని లెక్కపెట్టి కొన్ని నిమిషాలు బిగించి, మళ్లీ వదిలి చూశారు. సుమారు 97 నిమిషాల వరకూ చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. 240 నిమిషాలైతే కోలుకోలేని దెబ్బ. ఈ రెండింటి మధ్యలో ఎంత ఆలస్యమైతే అంత నష్టం. ఈ రంగంలో ఇంతగా చెప్పుకునే అంకెలు మరి లేవు.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. దెబ్బతిన్న కణాలన్నీ రక్తం ఆగిన ఆ గంటల్లోనే చనిపోవు. రక్తం తిరిగి వచ్చాక కూడా చాలా కణాలు బతికే ఉంటాయి. కొన్ని గంటలకు, కొన్ని రోజులకు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ఆక్సిజన్ లేకే చచ్చాయనుకుంటే, ఆక్సిజన్ వచ్చాక ఎందుకు చస్తున్నట్టు? ఈ మధ్యకాలంలో కణం లోపల ఏదో నిర్ణయం జరుగుతోందన్నమాట. అదేమిటో పట్టుకోడానికే పరిశోధకులు రెటీనాలో జన్యువుల పనిని గంటగంటకూ కొలుస్తున్నారు.

శరీరంలో ప్రతి కణానికీ దాదాపు ఒకే జన్యు సంపుటి ఉంటుంది. వాటిలో ఏవి ఇప్పుడు చదవబడుతున్నాయి, ఎంత జోరుగా చదవబడుతున్నాయి అన్నదే తేడా. చదివిన జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది, ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవుతుంది. రెటీనా నుంచి ఎంఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, ఏ జన్యువు నకళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే జన్యువుల పని తెలిసినట్టే. ఒకప్పుడు ఒక్కో జన్యువును విడివిడిగా కొలిచేవారు. తర్వాత మైక్రోఅరేలు, ఇప్పుడు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వచ్చాయి. ఒక్క ప్రయోగంలో 20 వేలకు పైగా జన్యువుల లెక్క చేతికొస్తుంది. పేర్ల పట్టికకు కొదవ లేదు. కానీ ఒక జన్యువు ఎంత పెరిగిందన్న అంకె ఒక్కటే చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. అది ఎప్పుడు పెరిగింది, ఏ కణంలో పెరిగింది అన్నవి తెలిస్తేనే ఆ అంకెకు విలువ.

ముందు ప్రయోగం ఎలా జరుగుతుందో చూడాలి. ఎక్కువ ప్రయోగాలు ఎలుకల్లోనే. మత్తిచ్చిన ఎలుక కంటి ముందరి గదిలోకి సన్నని సూది దించుతారు. సూదికి గొట్టం, గొట్టానికి సెలైన్ సీసా. ఆ సీసాను పైకి ఎత్తేకొద్దీ కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా పదీ పదిహేను మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉండే ఒత్తిడిని 110, 120 దాకా తీసుకెళ్తారు. అప్పుడు గుండె నెట్టే రక్తం కంట్లోకి దూరలేదు. పరికరంలో చూస్తుంటే ఎర్రగా ఉన్న కంటి అడుగుభాగం తెల్లబడిపోతుంది. సాధారణంగా 60 నిమిషాలు అలాగే ఉంచి సూది తీసేస్తారు. ఎరుపు మళ్లీ తిరిగొస్తుంది. ఆరు గంటలకు కొన్ని, 24 గంటలకు కొన్ని, వారానికి కొన్ని ఎలుకల రెటీనాలు తీసి పరీక్షిస్తారు.

ఈ పద్ధతి సులువు, మళ్లీ మళ్లీ చేయవచ్చు, అందుకే ఇంత వాడుక. కానీ మనిషిలో కేంద్ర ధమని మూసుకుపోవడానికీ దీనికీ తేడా ఉంది. రెటీనాకు రెండు వైపుల నుంచి రక్తం అందుతుంది. లోపలి పొరలకు కేంద్ర ధమని, బయటి వైపు ఉండి కాంతిని పట్టే రాడ్, కోన్ కణాలకు కోరాయిడ్. మనిషిలో కేంద్ర ధమని ఒక్కటే మూసుకుంటే రాడ్లు, కోన్లు దాదాపు క్షేమం. ఎలుక కంట్లో ఒత్తిడి పెంచితే రెండూ ఆగిపోతాయి, పైగా ఒత్తిడి దెబ్బ అదనం. ఒక పట్టికలో కనిపించిన జన్యువు రక్తం లేక మేలుకుందా, ఒత్తిడికి మేలుకుందా అన్నది ఈ పద్ధతి ఒక్కదానితో తేలదు. అందుకే కొందరు ధమనికి నేరుగా ముడివేసే కష్టమైన దారి ఎంచుకుంటారు.

రక్తం ఆగిన మొదటి నిమిషాల్లో జరిగేది జన్యువుల పని కాదు, కరువు. బరువును బట్టి చూస్తే శరీరంలో ఆక్సిజన్‌ను అత్యధికంగా వాడుకునే కణజాలాల్లో రెటీనా ఒకటి. నిల్వ మాత్రం లేదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తరిగిపోతుంది, కణాల పైపొరల్లోని సోడియం-పొటాషియం పంపులు నిలిచిపోతాయి, న్యూరాన్ల మధ్య సందేశాలు మోసే గ్లుటమేట్ కణాల బయట పేరుకుంటుంది. ఆ గ్లుటమేట్ తలుపులు తెరిచి, చూపును మెదడుకు పంపే గాంగ్లియన్ కణాల్లోకి కాల్షియాన్ని వరదలా పంపుతుంది. ఈ కాల్షియమే తొలి జన్యువులను తట్టి లేపుతుంది. సి-ఫాస్, సి-జున్ అనే ఈ జన్యువులు మేలుకోడానికి కొత్త ప్రొటీన్ ఏదీ అక్కర్లేదు, గంటలోపే వాటి నకళ్లు పెరుగుతాయి. ఇవి తయారుచేసే ప్రొటీన్లు మళ్లీ వేరే జన్యువులను నడిపిస్తాయి. అంటే మొదటి అలలోనే రెండో అలకు ఏర్పాట్లు జరిగిపోతాయి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. జన్యువును చదవడానికీ, ప్రొటీన్ చేయడానికీ కూడా ఏటీపీ కావాలి. రక్తం పూర్తిగా ఆగిన వేళ కణం ఏం రాయాలనుకున్నా శక్తి చాలదు. అందుకే పెద్ద మార్పులన్నీ రక్తం తిరిగి వచ్చిన తర్వాతి గంటల్లోనే కనిపిస్తాయి. ‘రక్తం ఆగినప్పుడు పెరిగిన జన్యువులు’ అని మనం చదివే పట్టికల్లో సింహభాగం నిజానికి రక్తం తిరిగొచ్చాక పెరిగినవే. ఆ రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల కలిగిన గందరగోళం తక్కువేమీ కాదు.

ఆక్సిజన్ లేమిని కణం ఎలా పసిగడుతుందన్నది బాగా తెలిసిన విషయం. విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ దీనికే వచ్చింది. హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్‌ను కణం ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ దానికి ఒక గుర్తు తగిలించి నిమిషాల్లోనే ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ గుర్తు పడదు. ప్రొటీన్ నిలిచిపోయి కేంద్రకంలోకి వెళ్తుంది, గ్లూకోజును లోపలికి తెచ్చే జన్యువులను, ఆక్సిజన్ లేకుండా శక్తి తీసే జన్యువులను, కొత్త రక్తనాళాలను పిలిచే వీఈజీఎఫ్ జన్యువును మేల్కొలుపుతుంది. గమనించాల్సిందేమంటే, హిఫ్-1 ఆల్ఫా జన్యువు నకళ్లు ఈ వ్యవహారంలో పెద్దగా మారనక్కర్లేదు. మారేది ప్రొటీన్ ఆయుష్షు. ఎంఆర్‌ఎన్‌ఏను మాత్రమే లెక్కపెట్టే ప్రయోగంలో ఈ నాటకానికి నాయకుడే తెరమీద కనిపించడు, అతను నడిపించిన పాత్రలు మాత్రమే కనిపిస్తాయి.

రక్తం తిరిగి వచ్చాక ఆక్సిజన్‌తో పాటు దాని చెడు రూపాలూ పుడతాయి. వాటిని అణచడానికి హీమ్ ఆక్సిజనేజ్-1 జన్యువు లేస్తుంది. వంకరపోయిన ప్రొటీన్లను సరిచేసే హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ27 జన్యువులు గంటల్లోనే పెరుగుతాయి. ఇవన్నీ కణాన్ని కాపాడే పనులు. ఇవి బాగా పెరిగాయని చూసి ‘నష్టానికి ఇవే కారణం’ అనుకుంటే పెద్ద పొరపాటు.

ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు వాపు జన్యువుల వంతు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ పెరుగుతాయి. తెల్లరక్తకణాలను పిలిచే సీసీఎల్2, అవి రక్తనాళపు గోడకు అతుక్కోడానికి పనికొచ్చే ఐకామ్-1 కూడా వాటితో పాటే. అలా అతుక్కున్న తెల్లకణాలు సన్నని నాళాలను మరోసారి మూసేయవచ్చు. అంటే గడ్డ పోయాక కూడా కొన్ని మూలలకు రక్తం అందకపోవచ్చు.

అసలు సిసలు మార్పు మాత్రం ముల్లర్ కణాల్లో కనిపిస్తుంది. రెటీనా మందమంతా ఒక చివర నుంచి ఇంకో చివర దాకా పరుచుకుని, న్యూరాన్లకు ఆసరాగా ఉండే గ్లియా కణాలివి. న్యూరాన్లు వదిలిన గ్లుటమేట్‌ను ఊడ్చేది, ఎక్కువైన పొటాషియాన్ని తరలించేది, నీటిని సర్దేది ఇవే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వీటిలో జీఎఫ్‌ఏపీ అనే ప్రొటీన్ పెద్దగా కనపడదు. దెబ్బ తగిలాక ఆ జన్యువు బాగా మేలుకుని, వారం గడిచినా తగ్గదు. రంగువేసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే రెటీనా మందమంతా నిలువు చారలు కనిపిస్తాయి. ఇంకోవైపు పొటాషియం తరలించే కిర్4.1 అనే మార్గం తగ్గిపోతుంది. తరలింపు సరిగా లేక ముల్లర్ కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి. పెరిగే జన్యువుల మీదే అందరి కళ్లూ ఉంటాయి కానీ, నిజమైన నష్టం తగ్గిన ఒక జన్యువులో దాగి ఉండవచ్చనడానికి కిర్4.1 మంచి ఉదాహరణ.

తగ్గే జన్యువుల్లో మరో గుంపు గాంగ్లియన్ కణాలవి. కంటి నుంచి మెదడుకు చూపు మోసే తీగలు వీటివే, మనిషి కంట్లో పదిలక్షలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. థై-1, బీఆర్‌ఎన్3ఏ, న్యూరోఫిలమెంట్ జన్యువులు వీటి గుర్తులు. రక్తం ఆగిన తర్వాత ఇవి పడిపోతాయి. పడిపోవడానికి రెండు కారణాలుండవచ్చు. కణాలు చచ్చిపోయి ఉండవచ్చు, లేదా కణాలు ఉన్నచోటే ఉండి ఆ జన్యువును ఆపేసి ఉండవచ్చు. థై-1 విషయంలో రెండోదే ముందు జరుగుతుంది. కణాలు తగ్గకముందే దాని నకళ్లు తగ్గుతాయి. ఆ మౌనంలో ఉన్న కణాన్ని తిరిగి నిలబెట్టవచ్చా అన్నదే చికిత్స వెతికేవాళ్లకు ఆశ. కణాలు లెక్కపెట్టకుండా థై-1 తగ్గిందని ‘60 శాతం కణాలు పోయాయి’ అని రాయడం సరికాదు.

ఇంకో చిక్కు, రెటీనా అంతా కలిపి రుబ్బి కొలవడం. చిట్టెలుక రెటీనాలో దాదాపు 80 శాతం రాడ్ కణాలే. గాంగ్లియన్ కణాలు ఒక శాతం కూడా ఉండవు. పెళ్లి పందిట్లో వందమంది ఒకేసారి మాట్లాడుతుంటే మూలనున్న ఒకరి గొంతు వినాలనుకోవడం లాంటిది ఇది. గాంగ్లియన్ కణంలో ఒక జన్యువు పదింతలు పెరిగినా, అదే జన్యువు రాడ్లలోనూ కాస్తో కూస్తో ఉంటే మొత్తంలో తేడా కనపడదు. 2015లో హార్వర్డ్‌లో అభివృద్ధి చేసిన డ్రాప్-సీక్ పద్ధతి ఈ గోడను బద్దలు కొట్టింది. ఒక్కో కణాన్ని ఒక్కో నూనె-నీటి బిందువులో బంధించి 44,808 చిట్టెలుక రెటీనా కణాలను విడివిడిగా చదివారు, 39 గుంపులు తేలాయి. ఆ తర్వాత గాంగ్లియన్ కణాల్లోనే నలభైకి పైగా రకాలున్నాయని తెలిసింది. కంటి నరాన్ని నలిపిన ప్రయోగాల్లో వాటిలో కొన్ని రకాలు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, కొన్ని మొండిగా నిలబడ్డాయి. ఒకే దెబ్బ, ఒకే కన్ను, ఒకే గంట, అయినా గతులు వేరు. మొండి రకాలు ముందునుంచే ఏ జన్యువులను వాడుతున్నాయన్నది ఇప్పుడు ఆసక్తికరమైన ప్రశ్న.

లెక్కల్లోనూ ఉచ్చులున్నాయి. 20 వేల జన్యువులను ఒకేసారి పరీక్షించి, ఒక్కోదానికి 5 శాతం పొరపాటుకు సరేనంటే, నిజంగా ఏ మార్పూ లేకపోయినా వెయ్యి జన్యువులు ‘మారినట్టు’ తేలతాయి. దీనికి దిద్దుబాటు పద్ధతులున్నాయి, అవి వాడని పాత పట్టికలను అనుమానంగానే చూడాలి. మరో ఉచ్చు ఇంకా సరదాగా ఉంటుంది. ఒక నమూనాలో ఎంఆర్‌ఎన్‌ఏ మొత్తం ఎక్కువగా ఉందా తక్కువగా ఉందా అని సరిచూడటానికి ‘మారని’ జన్యువుతో పోల్చడం ఆనవాయితీ. అందుకు ఏళ్ల తరబడి వాడింది జీఏపీడీహెచ్. అది గ్లూకోజును విరిచే దారిలోని ఎంజైము. ఆక్సిజన్ తగ్గితే హిఫ్ మేల్కొలిపే దారి సరిగ్గా అదే. కొలబద్దే సాగుతుంటే కొలత సంగతి చెప్పేదేముంది.

ఇన్ని ఉచ్చుల మధ్య, జన్యువుల పని నిజంగా ప్రాణం నిలబెడుతుందనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఒక చిన్న ప్రయోగం. 1998లో స్టీవెన్ రోత్ బృందం ఎలుకలకు ముందురోజు ఐదే ఐదు నిమిషాలు రెటీనాకు రక్తం ఆపి వదిలేసింది. మర్నాడు 60 నిమిషాలు ఆపితే, మామూలుగా చితికిపోవాల్సిన రెటీనా నిలబడింది. ఆ రక్షణ వెంటనే రాలేదు, ఒక రోజు పట్టింది. మూడు రోజుల దాకా ఉంది. ప్రొటీన్ తయారీని ఆపే మందు ఇస్తే ఆ రక్షణ సన్నగిల్లింది. ఆ ఐదు నిమిషాలు రెటీనాను గాయపరచలేదు, కొత్త ప్రొటీన్లు తయారు చేసుకునేలా చేశాయన్నమాట. ఒకే రకమైన జన్యువులు దెబ్బకు ముందు మేలుకుంటే కాపలా, తర్వాత మేలుకుంటే చాలాసార్లు ఆలస్యం.

ఇక వీఈజీఎఫ్ కథ. కంటిలో ఆక్సిజన్ అందని చోటు నుంచి ఏదో పదార్థం విడుదలై కొత్త నాళాలను పిలుస్తోందని 1948లోనే ఐజాక్ మైకేల్‌సన్ ఊహించారు. 1989లో వీఈజీఎఫ్ దొరికింది, 1990ల్లో రోగుల కంటి ద్రవంలో అది ఎక్కువగా ఉన్నట్టు తేలింది. దాన్ని అడ్డుకునే రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2010లో సిర మూసుకుపోయిన రెటీనాకూ వర్తించింది. జన్యువుల పని చదివి చికిత్స దాకా చేరిన దారుల్లో కంటికి సంబంధించి ఇంత గొప్ప విజయం మరోటి లేదు.

ఈ కథలో ఒక మెలిక చూడండి. ధమని మూసుకుపోతే రక్తం పూర్తిగా పోయినట్టే, సిర మూసుకుపోతే మందగించినట్టు. కొత్త నాళాలు పుట్టి, కంటి నీరు బయటికిపోయే దారి మూసుకుపోయి వచ్చే భయంకరమైన గ్లాకోమా దేనిలో ఎక్కువ ఉండాలి? ధమనిలో అనిపిస్తుంది. కానీ అది ఎక్కువగా తీవ్రమైన సిర జబ్బులోనే వస్తుంది. కొన్ని వారాల తర్వాత వస్తుంది కాబట్టి దానికి ‘వంద రోజుల గ్లాకోమా’ అని పేరు. దీనికి వైద్యులు చెప్పే కారణం తేలికైనదే. వీఈజీఎఫ్ తయారు చేయాలంటే కణం బతికి ఉండాలి. ధమని మూసుకున్న చోట లోపలి పొరల కణాలు చచ్చిపోయాయి, ఇక అడిగేవాళ్లే లేరు. సిర మూసుకున్న చోట కణాలు ఆకలితో ఉన్నాయి గానీ ప్రాణంతో ఉన్నాయి, వారాల తరబడి అడుగుతూనే ఉంటాయి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనూ ఇదే జన్యువు రెండు వేషాలు వేస్తుంది. బిడ్డకు ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే మొదటి వారాల్లో వీఈజీఎఫ్ పడిపోయి, ఎదుగుతున్న సన్నని నాళాలు ఆగిపోతాయి. తర్వాత రెటీనా పెరిగి, నాళాలు లేని చోటు ఆక్సిజన్ కోసం మొత్తుకుంటుంది. అప్పుడు వీఈజీఎఫ్ విపరీతంగా పెరిగి, అడ్డదిడ్డంగా నాళాలు పుట్టి రెటీనాను ఊడదీస్తాయి. మొదటి దశలో అది ఉండాలి, రెండో దశలో ఉండకూడదు. మన దేశంలో 2000 గ్రాముల కన్నా తక్కువ బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన పిల్లలకు 30 రోజుల్లోపు మొదటి కంటి పరీక్ష చేయాలన్న నియమం ఈ రెండో దశను ముందే పట్టుకోడానికే. హైదరాబాద్, సికింద్రాబాద్ ఆస్పత్రుల్లో 1990ల నుంచి నడిచిన జంట నగరాల స్క్రీనింగ్ ఈ పద్ధతికి దేశంలో దారి చూపినవాటిలో ఒకటి. ఇప్పటికీ చిన్న ఊళ్లలో ఇంక్యుబేటర్ నుంచి ఇంటికెళ్లిన బిడ్డకు ఈ పరీక్ష సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పకపోవడం మామూలే.

ఎలుకల్లో ఇంత తెలిశాక మనిషి రెటీనాలో సరిచూడటం ఎందుకు కష్టం? జబ్బు వచ్చిన గంటలో మనిషి రెటీనా ముక్క తీయలేం. చనిపోయినవారు దానం చేసిన కళ్లు ఉన్నాయి కదా అంటే, గుండె ఆగిన క్షణం నుంచి ఆ రెటీనా కూడా రక్తం లేని రెటీనాయే. పోల్చడానికి తెచ్చిన ‘ఆరోగ్యమైన’ నమూనాలోనే మనం వెతుకుతున్న మార్పులు మొదలైపోయి ఉంటాయి. అయితే 2022లో యూటా విశ్వవిద్యాలయ బృందం ఒక ఆశ కలిగించే సంగతి చూపించింది. మరణం తర్వాత ఐదు గంటల లోపు తీసిన మనిషి కళ్లలో కాంతిని పట్టే కణాలు తిరిగి స్పందించాయి. ఆ స్పందన లోపలి పొరలకు చేరాలంటే మాత్రం కన్నును 20 నిమిషాల్లోపే తీసి, ఆక్సిజన్ అందేలా చూడాల్సి వచ్చింది. బయటి పొరకూ లోపలి పొరకూ ఓర్పులో ఉన్న తేడా ఇక్కడా బయటపడింది.

చికిత్స వైపు చూస్తే తొలి గంటల జన్యువుల మీద పనిచేసే మందేదీ రోగి దాకా రాలేదు. గ్లుటమేట్ దెబ్బను ఆపే మెమాంటీన్ జంతువుల్లో బాగా పనిచేసింది, గ్లాకోమా రోగుల్లో నాలుగేళ్లు నడిచిన రెండు పెద్ద ట్రయల్స్‌లో నిలవలేదు. 2018లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ధమనిలోకే గడ్డ కరిగించే మందు పంపిన యూరప్ ట్రయల్ ఈగిల్ 2010లో మామూలు చికిత్స కన్నా మెరుగైన ఫలితం ఇవ్వలేదు, పైగా ఇబ్బందులు పెరిగాయి. అందులో 20 గంటల దాకా ఆలస్యమైనవారినీ తీసుకున్నారు. కోతుల్లో 240 నిమిషాలకే ముగిసిన కథను 20 గంటల తర్వాత తిరగరాయాలనుకోవడం మందుకు పెట్టిన న్యాయమైన పరీక్ష కాదనిపిస్తుంది. వీఈజీఎఫ్ మందు నెగ్గడానికి ఒక కారణం అది పనిచేసే దశ వారాల తరబడి ఉండటం. రోగి బస్సెక్కి మెల్లగా వచ్చినా ఇంకా పని ఉంటుంది. సి-జున్ కోసం అలా ఎదురుచూసే వీల్లేదు.

అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో కేంద్ర ధమని మూసుకుపోవడాన్ని మెదడు స్ట్రోక్‌తో సమానంగా, ఎమర్జెన్సీగా చూడాలని చెప్పింది. కంటికి వచ్చిన గడ్డ చాలాసార్లు మెడలోని కరోటిడ్ ధమని నుంచో, గుండె నుంచో వచ్చిందే, తర్వాతి గడ్డ మెదడుకు పోవచ్చు. నొప్పి లేదు కదా, రేపు కళ్లద్దాల షాపులో చూపిద్దాంలే అనుకునే ఇంట్లో మొదటి నాలుగు గంటలూ అక్కడే అయిపోతాయి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోతే వెళ్లాల్సింది స్ట్రోక్ చూసే ఆస్పత్రికే.